దుకాణం మూశాం, మనిషిని మరిచాం

మన కొండల్లో కల్లు ముంత దించగానే మొదటి చుక్కలు నేల మీద పోస్తారు. అవి పెద్దలకు, అంటే మనకంటే ముందు పోయిన మన వాళ్లకు. ఆ తర్వాతే బతికున్నవాళ్లు తాగుతారు. జీలుగు కల్లయినా, తాటి కల్లయినా, ఇప్పసారా అయినా పద్ధతి అదే. కొత్తల పండగకు, పెళ్లికి, చావుకు, తగువు తీరి ఇరు పక్షాలు కలిసినప్పుడు కల్లు ఉండాల్సిందే. దీన్ని చూసి మైదానం వాళ్లు చాలాకాలంగా ఒక మాట అంటున్నారు: "గిరిజనులకు తాగుడు పుట్టుకతో వచ్చింది." ఈ మాట బడిలో మన పిల్లలు కూడా వింటున్నారు. కొందరు నమ్ముతున్నారు కూడా. అది ఎంతవరకు నిజమో చరిత్రలోకి వెళ్లి చూద్దాం.

పూర్వం మన వాళ్లు తాగలేదని నేను అనను. తాగారు, కొందరు అతిగానే తాగారు. అయితే ఆ తాగుడుకు కొన్ని హద్దులు వాటంతట అవే ఉండేవి. జీలుగు చెట్టు ఏడాది పొడుగునా కల్లు ఇవ్వదు. ఇప్పపూలు ఎండాకాలం మొదట్లో కొన్ని వారాలే రాలతాయి. దించిన కల్లు రోజు గడిస్తే పులిసిపోతుంది, దాచుకోవడానికి వీలుపడదు. పైగా ఒక్కడే మూల కూర్చుని తాగడం ఉండేది కాదు. అందరి మధ్యా, పెద్దల ఎదుట తాగేవారు. మితిమీరినవాణ్ణి ఆపే చెయ్యి పక్కనే ఉండేది. ఈ హద్దులు ఎప్పుడు, ఎవరి వల్ల చెరిగిపోయాయన్నదే మొదటి ప్రశ్న.

చిగురు పన్ను

తూర్పు గోదావరి కొండల్లోని రంపదేశాన్ని అప్పట్లో ఒక మన్సబుదారు ఏలేవాడు. అతని కింద ముఠాదారులు ఉండేవారు. మద్రాసు ప్రభుత్వం కొత్త ఆబ్కారీ నిబంధనలు తెచ్చి, ఇంటి వాడకానికి కల్లు గీసుకోవడాన్ని కూడా నేరం చేసింది. కల్లు మీద వచ్చే రాబడిని మైదానం నుంచి వచ్చిన కాంట్రాక్టర్లకు పాటకిచ్చారు. ఇది చాలదన్నట్టు మన్సబుదారు తన వంతుగా "చిగురు పన్ను" వసూలు చేయడం మొదలుపెట్టాడు. తాత నాటిన చెట్టు ఎక్కి మనవడు కల్లు దించుకుంటే పన్ను కట్టాలి, కట్టకపోతే పోలీసులు వస్తారు.

1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో తిరుగుబాటు మొదలైంది. అది గొలుగొండ కొండలకూ, భద్రాచలం తాలూకాలోని రేకపల్లికీ పాకింది. తమ్మన్నదొర, ద్వారబందాల చంద్రయ్య, అంబుల్‌రెడ్డి వంటివాళ్లు ముందు నిలిచారు. దాన్ని అణచడానికి ప్రభుత్వం పోలీసులతో సరిపెట్టుకోలేక సైన్యాన్ని దించింది. 1880లో నాయకులు ఒక్కొక్కరే హతమయ్యారు. మన్సబుదారును ప్రభుత్వం తొలగించింది.

ఈ తిరుగుబాటును మనం పన్నుల మీద పోరాటంగా చెప్పుకుంటాం. అది నిజమే. కానీ అందులో ఇంకో సంగతి కూడా ఉంది. అంతవరకు మన చేతిలో ఉన్న కల్లు ఆ రోజుల్లో మన చేయి దాటింది. ఎవరు గీయాలి, ఎంత గీయాలి, ఎప్పుడు తాగాలి అనేది ఊరు కాకుండా కాంట్రాక్టరు తేల్చే కాలం వచ్చింది. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం ఈ ఏర్పాటును ఇంకా గట్టిపరిచింది. పాట పాడుకున్న కాంట్రాక్టరుకు లాభం రావాలంటే ఎక్కువమంది, ఎక్కువ రోజులు, ఎక్కువ తాగాలి. చేతిలో డబ్బు లేకపోతే అప్పు ఇస్తాడు. అప్పుకు చింతపండు, కందులు, మేకలు పోతాయి. చివరికి భూమి పోతుంది. షావుకార్ల చేతుల్లోకి గిరిజనుల భూములు పోతున్నాయని 1917లో ఏజెన్సీ భూబదలాయింపు చట్టం తేవలసి వచ్చింది. ఆ అప్పుల పద్దుల్లో సారా పద్దు కూడా ఉంది.

ఒట్టు పెట్టుకున్న కాలం

మన వాళ్లు దీన్ని చూస్తూ ఊరుకోలేదు. 1922లో దక్షిణ గుజరాత్ ఆదివాసీ పల్లెల్లో ఒక దేవి పూనిందని కబురు పుట్టింది. పూనకం వచ్చినవాళ్ల నోటి వెంట దేవి ఆజ్ఞలు వెలువడ్డాయి: కల్లు, సారా మానాలి; రోజూ స్నానం చేయాలి; సారా దుకాణాలు నడిపే పార్సీల దగ్గర కూలికి పోకూడదు. ఊళ్లకు ఊళ్లు తాగుడు మానేశాయి. దుకాణదారులు గగ్గోలు పెట్టారు.

దాదాపు అదే కాలంలో మన మన్యంలో అల్లూరి సీతారామరాజు ఊరూరా తిరిగి తాగుడు మానమని చెప్పాడు. తగువులకు కోర్టుల చుట్టూ తిరగకుండా పంచాయతీల్లోనే తేల్చుకోమన్నాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడితో పేరు మారుమోగడానికి ముందే ఆయన ఈ పని చేశాడు. మనం ఆయన విల్లంబుల గురించి పిల్లలకు చెబుతాం కానీ, ఈ తొలి పని గురించి చెప్పడం తక్కువ.

ఈ ఉద్యమాల బలం ఎక్కడుందో గమనించాలి. ఒక్కడు మానితే స్నేహితులు వెక్కిరిస్తారు, నాలుగు రోజుల్లో మళ్లీ లాగేస్తారు. ఊరంతా ఒట్టు పెట్టుకుంటే మానినవాడికి తోడు ఉంటుంది. అయితే పూనకం చల్లారాక, నాయకుడు పోయాక, జైళ్లు, దాడులు మొదలయ్యాక చాలాచోట్ల ఒట్టు నిలవలేదు. నిలవనివాణ్ణి ఏం చేయాలో ఎవరికీ తెలియదు. జరిమానా వేయడం, వెలివేయడం తప్ప ఊరి దగ్గర ఇంకో దారి లేదు.

స్వాతంత్ర్యం తర్వాత కూడా ఆబ్కారీ రాబడి మీద ప్రభుత్వాల మోజు తగ్గలేదు. 1970ల మధ్యలో కేంద్రం రాష్ట్రాలకు కొన్ని మార్గదర్శకాలు పంపింది. గిరిజన ప్రాంతాల్లో వ్యాపారం కోసం నడిపే సారా దుకాణాలు మూసేయాలి, ఇంటి అవసరానికి, ఆచారానికి చేసుకునేదానికి మినహాయింపు ఉండాలి అన్నది వాటి సారాంశం. 1879లో మన వాళ్లు అడిగింది కూడా దాదాపు అదే. కాగితం మీద అది వచ్చేసరికి వందేళ్లు పట్టింది. అడవిలో మాత్రం పరిస్థితి వేరుగా సాగింది. 1980ల్లో సారా ప్యాకెట్లలోకి ఎక్కింది. జేబులో పట్టే ప్యాకెట్టుకు ఋతువు లేదు, పండగ లేదు, పెద్దల ముందు కూర్చోవాల్సిన పనీ లేదు. పాత హద్దులన్నీ ఆ ప్లాస్టిక్కుతో తెగిపోయాయి.

దూబగుంట నుంచి మన ఊరి దాకా

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వెళ్లిన ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. చదువుకున్న పాఠంలో తమ బతుకే కనబడిందని వాళ్లు చెప్పారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా వినబడింది. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. దుకాణాలు మళ్లీ తెరుచుకున్నాయి, వాటి వెనకాలే బెల్టు షాపులు వచ్చాయి.

ఆ రోజుల్లో మా ఊళ్లోనూ ఆడవాళ్లు కదిలారు. ఊరంతా రచ్చబండ దగ్గర కూర్చుంది. కాచినవాడికి, అమ్మినవాడికి, తాగినవాడికి జరిమానా అని తీర్మానం చేశారు. కుండలు పగలగొట్టారు. మా అమ్మ ఆ రోజు ముందు వరసలో ఉంది. ఆ సంగతి నేను ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాను.

మా చిన్నాన్న అప్పటికి పదేళ్లకు పైగా రోజూ తాగేవాడు. పొద్దున్నే కొంచెం పడకపోతే చేతులు వణికేవి. తీర్మానం జరిగిన రోజు అందరితో పాటు తనూ చెయ్యెత్తాడు. మరుసటి రోజు నుంచి చుక్క ముట్టలేదు. రెండో రోజుకు ఒళ్లంతా వణుకు, చెమటలు, నిద్ర లేదు. మూడో రోజు గోడ మీద పురుగులు పాకుతున్నాయని అరిచాడు. మూర్ఛ వచ్చింది. గాలి సోకిందని గురువును పిలిచారు, విబూది పెట్టారు. నాలుగో రోజు డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకెళ్తుండగా దారిలోనే పోయాడు. "తాగి తాగి పోయాడు" అన్నారు ఊళ్లోవాళ్లు. నిజానికి మాట నిలబెట్టుకోబోయి పోయాడు. ఆ తేడా నాకు తెలియడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. మన చరిత్రలో దుకాణం మీద పోరాటం ఉంది. తాగుడుకు బానిసైన మనిషికి, అతని ఇంటివాళ్లకు ఏం చేయాలన్న అధ్యాయం మాత్రం మనం ఇంకా రాసుకోలేదు.

తాగుడు జబ్బని తెలుసుకున్న చరిత్ర

చాలా ఏళ్లు రోజూ ఎక్కువగా తాగిన ఒళ్లు సారాకు అలవాటు పడిపోతుంది. ఒక్కసారిగా ఆపితే మెదడు, నరాలు అదుపు తప్పుతాయి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి చెదిరి, లేనివి కనబడతాయి. అది ప్రాణాంతకం కావచ్చు. దీనికి మందులున్నాయి. ఆసుపత్రిలో కొన్ని రోజులు ఉంచి, వణుకు తగ్గించే మందులు, బి విటమిన్ ఇచ్చి, ఈ గండం గట్టెక్కించవచ్చు. మా చిన్నాన్నకు కావలసింది అదే.

అయితే ఆ కొద్ది రోజుల వైద్యం మొదటి మెట్టు మాత్రమే. మానడం వేరు, మానినట్టే ఉండడం వేరు. ఈ రెండోదానికి దారి వెతికిన చరిత్ర ఆసక్తికరమైనది. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో తాగుడుతో చితికిపోయిన ఇద్దరు కలిశారు. ఒకరు వ్యాపారం చేసే బిల్ విల్సన్, ఇంకొకరు డాక్టర్ బాబ్ స్మిత్. తాగుబోతు బాధ ఇంకో తాగుబోతుకే అర్థమవుతుందని, ఇద్దరూ మాట్లాడుకుంటూ ఉంటే ఆ రోజుకు తాగకుండా ఉండగలమని వాళ్లు కనుక్కున్నారు. అదే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘానికి పునాది. ఇందులో ఫీజు లేదు, పెద్ద లేడు. వారానికోసారి కూర్చుని ఎవరి కథ వాళ్లు చెప్పుకుంటారు, ఒకరి పేరు ఇంకొకరు బయట చెప్పరు. 1951లో బిల్ భార్య లూయిస్, మరి కొందరు ఇల్లాళ్లు కలిసి ఆల్ అనాన్ అనే సంఘం పెట్టారు. తాగేవాడి ఇంట్లో భయంతో, సిగ్గుతో బతికే భార్యకు, తల్లికి, పిల్లలకు కూడా సాయం కావాలని వాళ్లు గుర్తించారు.

మన దేశంలో ఈ పని ముందుకు తీసుకుపోయినవాళ్లలో శాంతి రంగనాథన్ ఒకరు. భర్త తాగుడు జబ్బుతో చనిపోయాక ఆమె 1980లో చెన్నైలో ఆయన పేరిట చికిత్సా సంస్థ స్థాపించారు. రోగికి వైద్యం జరుగుతుండగా ఇంటివాళ్లకు కూడా విడిగా తరగతులు పెట్టడం అక్కడి పద్ధతి. 1989 నుంచి ఆ సంస్థ తమిళనాడులోని మంజక్కుడి అనే పల్లెలో శిబిరాలు నడిపింది. పల్లెవాళ్లను పట్నం ఆసుపత్రికి రమ్మనకుండా, ఆసుపత్రే పల్లెకు వెళ్లింది. రెండు వారాలు శిబిరం, ఊరి పెద్దల సాయం, ఆ తర్వాత నెలనెలా వచ్చి చూసి వెళ్లడం. డోలీ మీద రోగిని మోసే మన ఊళ్లకు పనికొచ్చే ఆలోచన ఇది.

కెనడాలో మనలాంటి ఊరు

కెనడా పశ్చిమ తీరంలోని బ్రిటిష్ కొలంబియాలో ఆల్కలీ లేక్ అనే ఊరు ఉంది. అక్కడివాళ్లు షుస్వాప్ ఆదివాసులు. తెల్లవాళ్లు వాళ్ల భూమి తీసుకున్నారు, పిల్లలను బలవంతంగా మిషన్ హాస్టలు బడికి పంపారు, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. 1960ల నాటికి ఆ ఊళ్లో పెద్దవాళ్లు దాదాపు అందరూ తాగుడులో మునిగిపోయారు. చుట్టుపక్కలవాళ్లు ఆ ఊరికి తాగుబోతుల ఊరని పేరు పెట్టారు. మనకు తగిలించిన ముద్ర లాంటిదే.

1972లో ఫిల్లిస్ చెల్సీ అనే ఆమె అమ్మమ్మ ఇంట్లో ఉన్న పిల్లలను తీసుకెళ్లడానికి వెళ్లింది. ఏడేళ్ల కూతురు ఇంటికి రానంది. మీరు తాగుతారు కాబట్టి రానంది. ఆ రోజే ఫిల్లిస్ మానేసింది. కొద్ది రోజుల్లో భర్త ఆండీ కూడా మానేశాడు. మొదట్లో చాలాకాలం వాళ్లిద్దరే. వారంవారం సమావేశం పెడితే వచ్చేవాళ్లు లేరు. తర్వాత ఆండీ ఊరి నాయకుడయ్యాడు. దొంగచాటుగా మద్యం అమ్మేవాళ్లను పోలీసులకు పట్టించాడు. తాగుడుకు పోకుండా సాయం డబ్బును కొందరికి నగదుగా కాక సరుకుల చీటీలుగా ఇప్పించాడు.

ఇంతవరకు మన ఊళ్లు చేసినలాంటిదే. ఆ తర్వాత చేసిందే వేరు. ఎవరైనా చికిత్సకు వెళ్తానంటే ఊరు వాళ్ల పిల్లలను చూసుకునేది. వాళ్లు తిరిగి వచ్చేసరికి ఇల్లు బాగుచేసి, రంగులు వేసి పెట్టేవారు. చేయడానికి పని చూపించేవారు. పాత పాటలు, చెమట గుడిసెలో చేసే శుద్ధి ఆచారాలు మళ్లీ తెచ్చుకున్నారు. 1980ల మధ్యకు పెద్దవాళ్లలో నూటికి 95 మంది తాగడం లేదని ఆ ఊరు చెప్పుకుంది. 1985లో తమ కథను తామే నటించి సినిమాగా తీశారు. అంతటితో కష్టాలన్నీ తీరిపోలేదు. కొందరు మళ్లీ తాగారు. మత్తు దిగాక మిషన్ బడిలో చిన్నప్పుడు తగిలిన గాయాలు బయటపడ్డాయి, వాటికీ మందు వెతుక్కోవలసి వచ్చింది. అయినా ఆ ఊరు తన ముద్రను తానే చెరిపేసుకుంది.

వాళ్లు దుకాణాన్నీ మూశారు, మనిషినీ పట్టుకున్నారు. రెండూ ఒకేసారి చేశారు.

ఇప్పుడు మన చేతిలో ఉన్నవి

1996లో వచ్చిన పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, కట్టడి చేసే అధికారాన్ని గ్రామసభకు, పంచాయతీకి ఇవ్వాలని చెప్పింది. 1879లో పోగొట్టుకున్నది చట్టం రూపంలో తిరిగి వచ్చినట్టే. బెల్టు షాపు వద్దని గ్రామసభలో తీర్మానం చేయడం మన హక్కు.

రెండో పని వైద్యం. కేంద్ర ప్రభుత్వం 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం దేశంలో మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. రోడ్డు, ఆసుపత్రి దూరంగా ఉన్న మన ఊళ్లలో ఆ ఒక్కరు కూడా దొరకడం కష్టం. అందుకే ఊళ్లో చదువుకున్నవాళ్లు కొన్ని సంగతులు తెలుసుకుని ఉండాలి.

రోజూ తాగేవాడు, పొద్దున్నే చేతులు వణికేవాడు మానతానంటే వెంటనే మెచ్చుకోండి, కానీ ఇంట్లో ఒక్కసారిగా ఆపించకండి. ఆశా కార్యకర్తతో, ఏఎన్ఎంతో మాట్లాడి ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి. వణుకు, మూర్ఛ, మతి చెదరడం కనబడితే అది గాలి కాదు, వైద్యం అందాల్సిన గండం. గురువును పిలవాలనుకుంటే పిలవండి, బండిని కూడా అదే నిమిషంలో పిలవండి. తాగుడు మాన్పించే మందని చెప్పి ఎవరైనా ఇస్తే తాగేవాడికి తెలియకుండా అన్నంలో కలపకండి. అలాంటి కొన్ని మందులు ఒంట్లో ఉండగా తాగితే గుండెకే ప్రమాదం. జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు, దగ్గరలో ఉన్న చికిత్సా కేంద్రం ఎక్కడుందో చెబుతారు.

మానినవాడు మళ్లీ ఒకసారి తాగితే అంతా అయిపోయిందని వదిలేయకండి. చక్కెర జబ్బు, రక్తపోటు లాగే ఇదీ తిరగబెట్టే జబ్బు. జరిమానా వేసే ముందు మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లేవాళ్లు ఎవరని అడగండి.

టీచర్లకు ఒక మనవి. ఆశ్రమ పాఠశాలలో సెలవులకు ఇంటికి పోనని మొండికేసే పిల్ల ఉంటుంది. తరగతిలో నిద్రపోయే పిల్లాడు ఉంటాడు. తిట్టే ముందు పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ఇంట్లో తాగుడు ఆ పిల్లల తప్పు కాదని ఎవరో ఒకరు వాళ్లకు చెప్పాలి. ఆల్కలీ లేక్ కథ కూడా ఇంటికి రానన్న ఒక పిల్లతోనే మొదలైంది.

ఈసారి మీ ఊరి గ్రామసభలో సారా మీద తీర్మానం రాసేటప్పుడు, దుకాణం మూయాలన్న మాట కింద ఇంకో రెండు వరసలు రాయించండి. మానతానన్నవాణ్ణి ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు, అతను వచ్చేవరకు అతని పొలం, పశువులు, పిల్లలను ఎవరు చూస్తారు అని. వాటి పక్కన పేర్లు కూడా రాయించండి. మా ఊరి తీర్మానం పుస్తకంలో ఆ రెండు వరసలు లేవు.